పోలీసుల మీద పర్యవేక్షణ: బెంగళూరులో అజెండా రాసేదెవరు?

బెంగళూరులో వీధిదీపం వెలగకపోతే కార్పొరేషన్‌ను నిలదీయొచ్చు, కుళాయి రాకపోతే జలమండలిని అడగొచ్చు. మారతహళ్లి పీజీలో ల్యాప్‌టాప్ పోయిందని వెళితే స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపారనుకోండి. అప్పుడు అడగడానికి ఈ నగరానికి తనదంటూ ఎన్నికైన సంస్థ ఒక్కటీ లేదు. పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోని రెండో అంశం. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి, వాటిలో పోలీసు లేదు. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చినా ఈ లెక్క మారలేదు. నగర పోలీసు కమిషనర్ జవాబు చెప్పుకోవాల్సింది హోంశాఖకే.

అంతమాత్రాన పర్యవేక్షణ బోర్డులు లేవనుకోకూడదు. కాగితం మీద చూస్తే ఒకటికి నాలుగున్నాయి. రాష్ట్ర భద్రతా కమిషన్, పోలీసు ఫిర్యాదుల ప్రాధికారం, స్టేషన్లలో కెమెరాలను చూసే కమిటీలు, వీటికి తోడు మానవ హక్కుల కమిషన్. అధికారాలూ తక్కువేం కాదు. పని జరగడం లేదంటే కారణం వేరేచోట వెతకాలి. ఏ బోర్డులోనైనా సభ్యుల ముందుకు ఏ కాగితం వస్తుందో, ఏ లెక్క వస్తుందో, ఏది రాదో తేల్చేది అజెండా రాసే మనిషి. మన బోర్డుల్లో ఆ మనిషి దాదాపు ప్రతిచోటా పర్యవేక్షణకు లోబడాల్సిన శాఖ నుంచే వస్తాడు.

ఒక్క తీర్పు, రెండు పనులు

మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్, మరికొందరు 1996లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. పర్యవేక్షణ వరకు చూస్తే వాటి సారం రెండు పనులు. పోలీసులు దేనిమీద దృష్టి పెట్టాలో విధానం చెప్పడం ఒకటి, ఏటా పనితీరు అంచనా వేసి శాసనసభ ముందు నివేదిక పెట్టడంతో సహా. దానికి రాష్ట్ర భద్రతా కమిషన్. పోలీసు తప్పు చేశాడన్న ఆరోపణను విచారించడం రెండోది. దానికి రాష్ట్రంలోనూ జిల్లాల్లోనూ ఫిర్యాదుల ప్రాధికారాలు. ఎస్పీ, ఆపై హోదా వారిమీద ఫిర్యాదులు రాష్ట్ర ప్రాధికారానికి, డీఎస్పీ వరకు జిల్లా ప్రాధికారానికి. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం వంటివి రెండింటి పరిధిలోనూ ఉంటాయి. డబ్బు గుంజడం, ఇళ్లూ స్థలాలూ కాజేయడం, అధికార దుర్వినియోగం జిల్లా స్థాయిలో అదనం. చాలామంది ఈ రెండు పనులనూ కలిపేసుకుంటారు. ‘మా ఏరియాలో గస్తీ లేదు’ అన్నది విధానపు ప్రశ్న, ‘నన్ను లాకప్‌లో కొట్టారు’ అన్నది విచారణ. ఒక తలుపు దగ్గర రెండోదాని కాగితం ఇస్తే అది తిరిగి తిరిగి చివరకు ఆ స్టేషన్‌కే చేరుతుంది.

కర్ణాటక 2012లో తన 1963 నాటి పోలీసు చట్టాన్ని సవరించి భద్రతా కమిషన్‌నూ ఫిర్యాదుల ప్రాధికారాన్నీ అందులో చేర్చింది. కమిషన్‌కు ముఖ్యమంత్రి అధ్యక్షుడు. సుప్రీంకోర్టు ఇచ్చిన నమూనాలోనే డీజీపీ కమిషన్‌కు హోదా రీత్యా కార్యదర్శి. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. సమావేశం నోటీసు పంపేది కార్యదర్శి కార్యాలయం. అంశాల మీద నోట్ తయారుచేసేది, అంకెలు పోగుచేసేది, చివరకు మినిట్స్ రాసేది కూడా ఆ కార్యాలయమే. సభ్యుడు ఫైలు తెరిచేసరికి అందులో ఉండేది వాహనాల కొరత, క్వార్టర్ల మరమ్మతు, కొత్త స్టేషన్ల మంజూరు. అబద్ధమేమీ ఉండదు, ప్రతిదీ నిజమైన అవసరమే. కాని ‘గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు ఎఫ్‌ఐఆర్ కాకుండా పోయాయి’ అన్న అంకె ఆ ఫైల్లో ఉండదు. దాన్ని పోగుచేయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ పోగుచేయలేదు.

పక్క రాష్ట్రం ఈ విషయంలో ఇంకో అడుగు ముందుకేసింది. తమిళనాడు 2013లో చేసిన పోలీసు సంస్కరణల చట్టంలో రాష్ట్ర ఫిర్యాదుల ప్రాధికారానికి రిటైర్డ్ న్యాయమూర్తికి బదులు హోం కార్యదర్శిని అధ్యక్షుణ్ని చేసింది. డీజీపీ, శాంతిభద్రతల ఏడీజీపీ సభ్యులు. జిల్లాలో కలెక్టరు, ఎస్పీ. 2006 తీర్పు చెప్పేది రాష్ట్ర స్థాయిలో హైకోర్టు లేదా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి, జిల్లాలో మాజీ జిల్లా జడ్జి ఉండాలని. అత్తమీద ఫిర్యాదు అత్తకే ఇచ్చుకోమన్నట్టుంది వ్యవహారం. కర్ణాటకలో రాష్ట్ర ప్రాధికారం అధ్యక్ష స్థానం మాజీ హైకోర్టు న్యాయమూర్తిదే కావడం ఆ మేరకు నయం.

కార్యదర్శిగా డీజీపీ ఉండగానే అజెండాను విడదీసే దారి లేకపోలేదు. అందుకు చట్టం మార్చనక్కర్లేదు, నియమావళిలో నాలుగు వాక్యాలు చాలు. ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా అడిగిన అంశం తప్పనిసరిగా అజెండాలోకి రావాలి. నోట్లు సమావేశానికి పది రోజుల ముందే సభ్యులకు అందాలి. ప్రతి సమావేశంలో ఒక లెక్కయినా పోలీసు శాఖ బయటనుంచి రావాలి: మేజిస్ట్రేటు కోర్టుకు నేరుగా వెళ్లిన ప్రైవేటు ఫిర్యాదులు, మానవ హక్కుల కమిషన్‌కు అందిన అర్జీలు, ప్రభుత్వాసుపత్రిలో నమోదైన మెడికో లీగల్ కేసులు (పోలీసులకు తెలపాల్సిన గాయాలు). మినిట్స్ ముసాయిదా ఏడు రోజుల్లో సభ్యులందరికీ వెళ్లాలి. ఇదంతా గుమాస్తా పనిలా కనిపించొచ్చు. పరిపాలనంటే ముప్పాతిక వంతు ఇదే.

‘ఆపరేషనల్’ అన్న అడ్డుగోడ

బోర్డు దేన్నయినా గట్టిగా అడిగితే వచ్చే మొదటి జవాబు ‘అది ఆపరేషనల్ విషయం’. ఇందులో సగం న్యాయం ఉంది. ఫలానా వాణ్ని అరెస్టు చెయ్యమనో వదిలెయ్యమనో బోర్డు చెప్పకూడదు. చెప్పిందంటే అది పర్యవేక్షణ బోర్డు కాదు, ఇంకో రాజకీయ సిఫార్సు కేంద్రం. కాని ఈ గీతను ఎంత దూరం జరపొచ్చన్నదే అసలు ప్రశ్న. దీనిమీద లోతుగా పరిశీలన జరిగింది కెనడాలో. అక్కడ సొంత పోలీసు దళం ఉన్న చాలా నగరాలకు పోలీసు సర్వీసెస్ బోర్డు ఉంటుంది. చీఫ్‌ను నియమించేది, బడ్జెట్ ప్రతిపాదన తయారుచేసేది, ప్రాధాన్యాలు నిర్ణయించేది ఆ బోర్డే. రోజువారీ నిర్ణయాల్లో మాత్రం చీఫ్‌ను ఆదేశించకూడదు. 2010 జూన్‌లో జీ20 సదస్సు జరిగినప్పుడు టొరంటోలో వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. దానిమీద మాజీ న్యాయమూర్తి జాన్ మోర్డెన్ 2012లో ఇచ్చిన నివేదిక చెప్పిందేమిటంటే, బోర్డు ఆ నిషేధాన్ని అతిగా అర్థం చేసుకుని అడగాల్సిన ప్రశ్నలు కూడా అడగకుండా ఊరుకుంది. ఆదేశించకూడదంటే తెలుసుకోకూడదని అర్థం కాదు. పథకమేమిటి, ఎంతమంది బలగం, జనాన్ని ఎటు పంపుతారు, ఎంతమందిని ఎక్కడ ఉంచుతారు అని ముందే అడిగి ఉండాల్సింది.

బెంగళూరుకు ఈ పాఠం చేరువలోనే ఉంది. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. మర్నాటికే నగర పోలీసు కమిషనర్‌ను సస్పెండ్ చేశారు, తరవాత దాన్ని ఉపసంహరించుకున్నారు. విచారణ కమిషన్ వేశారు. తప్పెవరిదన్న చర్చ పక్కన పెడితే, పర్యవేక్షణ కోణంలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటుంది. జరిగాక చర్య తీసుకునే యంత్రాంగం ఉంది, జరగకముందు ప్రశ్న అడిగే బల్ల నగరంలో ఎక్కడా లేదు. స్థానిక బోర్డంటూ ఉంటే విధానం ఒక్క వాక్యంలో రాయొచ్చు: ‘యాభై వేల మందికి మించి జనం వస్తారనుకునే ఏ కార్యక్రమానికైనా ప్రవేశ ద్వారాలు, బయటకు వెళ్లే దారులు, బలగం సంఖ్య, వద్దని చెప్పే అధికారం ఎవరిదన్న వివరాలతో పథకం 72 గంటల ముందు బోర్డుకు అందాలి.’ అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది పోలీసులే చూసుకుంటారు. పథకం అందలేదంటే, ఆ లేకపోవడమే రికార్డవుతుంది.

కెమెరా కమిటీ: దగ్గరగా చూస్తే

స్థానిక పర్యవేక్షణ ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది అన్నది తెలుసుకోవడానికి స్టేషన్ కెమెరాల కమిటీని మించిన ఉదాహరణ దొరకదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టమంది. ఎక్కడెక్కడో కూడా చెప్పింది: గేటు, లోపలికి బయటకు వెళ్లే ప్రతి దారి, లాకప్పులు, వరండాలు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, డ్యూటీ ఆఫీసర్ గది, స్టేషన్ వెనుక భాగం, మరుగుదొడ్డి బయట. రాత్రి కూడా కనిపించాలి, మాట కూడా రికార్డు కావాలి. రికార్డింగు 18 నెలలు నిలవ ఉండాలి, అంత సామర్థ్యం ఉన్న పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది. వీటిని చూడటానికి రాష్ట్రంలో ఒక కమిటీ, ప్రతి జిల్లాలో ఒక కమిటీ.

ఇప్పుడు లెక్క కడదాం. ఓ మోస్తరు స్టేషన్‌లో 14 కెమెరాలనుకుందాం. ముఖాలు గుర్తుపట్టగలిగే నాణ్యతతో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే ఒక్కో కెమెరాకు రోజుకు 21.6 జీబీ, పద్నాలుగింటికి 302 జీబీ. ఏడాదికి 110 టీబీ, 18 నెలలకు దాదాపు 165 టీబీ. మామూలుగా కొనే రికార్డర్‌లో 8 టీబీ డిస్కులు రెండు పెడతారు. అంటే 16 టీబీ. అది 53 రోజుల్లో నిండి పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. ఎవరూ చెరపనక్కర్లేదు, డిస్కే చెరుపుకుంటుంది. దెబ్బలు తిన్నవాడు ఆసుపత్రి నుంచి వచ్చి, బెయిలు తెచ్చుకుని, వకీలును పట్టుకుని, అర్జీ రాయించి ఇచ్చేసరికి రెండు నెలలు ఇట్టే గడుస్తాయి. ‘ఫుటేజీ అందుబాటులో లేదు’ అన్న జవాబులో ఎప్పుడూ కుట్రే ఉండనక్కర్లేదు, చాలాసార్లు టెండరులో రాసిన డిస్కు సైజు ఉంటుంది. రికార్డింగు నాణ్యతను నాలుగో వంతుకు, అంటే అర మెగాబిట్‌కు తగ్గిస్తే ఏడు నెలలు వస్తుంది కాని, లాకప్ మూల చీకట్లో ఎవరు ఎవర్ని కొట్టారో తెలియదు. కాబట్టి కొనుగోలు ప్రతిపాదన బోర్డు ముందుకొచ్చినప్పుడు కెమెరాల సంఖ్య చూసి సంతోషపడితే చాలదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ నాణ్యతలో ఎన్ని రోజులు ఆగుతుంది?

డిస్కు తరవాత వచ్చే లోపాలు ఇంకా చిన్నవి, ఇంకా తరచువి. రికార్డర్ గడియారం తప్పుతుంది. నెట్ సమయంతో అనుసంధానం లేకపోతే కొన్ని నెలల్లో పది, పదిహేను నిమిషాలు తేడా వచ్చేస్తుంది, ఇక ఫుటేజీని స్టేషన్ డైరీతో పోల్చడమే కుదరదు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి కరెంటు పోయినప్పుడల్లా రికార్డింగు ఆగుతుంది. రాత్రి దృశ్యం కోసం పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ లైటు వెలుగుకు పురుగులొచ్చి, వాటికోసం సాలీడు గూడు కట్టి, తెర అంతా తెల్లగా మారుతుంది. కొన్నిచోట్ల మైకులు అసలు కనెక్ట్ చేసే ఉండవు. వీటన్నిటికీ బాధ్యుడు స్టేషన్ ఇన్‌చార్జేనని తీర్పు స్పష్టంగా చెప్పింది. కెమెరా పనిచేయకపోతే వెంటనే జిల్లా కమిటీకి తెలపాలి. అంతే కాదు, పనిచేయని ఆ రోజుల్లో స్టేషన్‌లో జరిగిన అరెస్టులు, విచారణల వివరాలు కూడా పంపాలి. తీర్పు మొత్తంలో పదునైన వాక్యం ఇదే, అందరూ మరిచిపోయిందీ ఇదే. ‘కెమెరా చెడిపోయింది’ అన్న కబురుతోపాటు ‘ఆ మూడు రోజుల్లో ఇద్దర్ని తెచ్చాం’ అన్న కాగితం రాకపోతే ఆ కబురును కమిటీ స్వీకరించకూడదు.

జిల్లా కమిటీ కూర్పులోనే బెంగళూరుకు ఒక చిక్కుంది. డివిజన్ లేదా రీజినల్ కమిషనర్, కలెక్టరు, ఎస్పీలతో పాటు జిల్లాలోని ఒక పురపాలక సంస్థ మేయరు సభ్యుడిగా ఉండాలి. నలుగురిలో జనం ఓటుతో వచ్చేది ఆయనొక్కడే. పాలికె పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. తీర్పు వచ్చింది ఆ డిసెంబరులో. ఆ తరవాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు, మేయరే లేడు. పైగా తీర్పు జిల్లాకు ఒక ఎస్పీ అన్న పద్ధతి మీద రాసింది. నగరంలో కమిషనర్, ఆయన కింద డివిజన్‌కో డీసీపీ, వందకు పైగా స్టేషన్లు. ఒక్క కమిటీ ఇన్నింటిని చూడటం అయ్యే పని కాదు, డివిజన్‌కో ఉపకమిటీ పెట్టుకోక తప్పదు.

మరి ఫుటేజీ చూసేదెలా? వంద స్టేషన్లు, స్టేషన్‌కు 14 కెమెరాలు, రోజుకు 24 గంటలు: 33,600 గంటలు. ఎవరి తరమూ కాదు. అందుకే నమూనా తీయాలి, అదీ పోలీసులు ఎంచి ఇచ్చింది కాకుండా చీటీ వేసి తీసింది. నెలకు నాలుగు స్టేషన్లు, ఒక్కోదానిలో అరెస్టు రిజిస్టరులోంచి మూడు పేర్లు. ప్రతి పేరుకూ అయిదు సమయాలు ఒక కాగితం మీద పక్కపక్కన రాయాలి: గేటు కెమెరాలో మనిషి లోపలికి వచ్చిన సమయం, స్టేషన్ హౌస్ డైరీలో ఎంట్రీ, అరెస్టు మెమోలో సమయం, డాక్టరు చూసిన సమయం, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచిన సమయం. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఎంత ఉంటే అంత గుట్టు అక్కడ ఉంటుంది. ‘విచారణకు పిలిచాం’ అని ఉదయం తెచ్చి రాత్రి అరెస్టు చూపిస్తే 24 గంటల గడువు రాత్రి నుంచి లెక్కకొస్తుంది. ఒక్కో పేరుకు వేగంగా తిప్పి చూసినా రెండు మూడు గంటలు పడుతుంది. పన్నెండు పేర్లకు ఇద్దరు మనుషుల రెండు మూడు రోజుల పని. దీనికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. ఆ ఇద్దరూ అదే డివిజన్ సిబ్బంది కాకుండా ఉంటే చాలు.

ప్రాధాన్యాలు: ఎంచడం, కొలవడం

మంచి బోర్డు ఏడాదికి మూడో నాలుగో ప్రాధాన్యాలు పెట్టుకుంటుంది. పన్నెండు పెట్టుకున్న బోర్డు ఒక్కటీ పెట్టుకోనట్టే. ఏవి పెట్టుకోవాలో జనాన్ని అడిగి తెలుసుకోవాలంటారు. నిజమే, కాని ఏ జనాన్ని? నెలకోసారి జరిగే జనసంపర్క సమావేశానికి వచ్చేది ఎక్కువగా అపార్టుమెంటు సంఘాల పెద్దలు, రిటైరైనవారు. వాళ్లు చెప్పేవి పార్కింగు, అర్ధరాత్రి పబ్బుల గోల, బైకుల రేసులు. న్యాయమైన బాధలే. రానివాళ్లు ఎవరో చూడండి: రాత్రి షిఫ్టుకు వెళ్లే అమ్మాయి, డెలివరీ కుర్రాడు, అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి సర్జాపుర రోడ్డు పక్కన రేకుల షెడ్లలో ఉండే భవన నిర్మాణ కూలీలు. స్టేషన్లలో సేవ మీద అభిప్రాయం చెప్పడానికి పెట్టిన లోకస్పందన క్యూఆర్ కోడ్ కూడా అంతే. లోపలికి వెళ్లి పని జరిగినవాడు దాన్ని స్కాన్ చేస్తాడు. గేటు దగ్గర సెంట్రీ వెనక్కి పంపినవాడు ఆ కోడును చూడనే చూడడు. కాబట్టి దానిలో వచ్చే మంచి మార్కులు సేవ నాణ్యతకు కొలత అవుతాయి గాని, తలుపు ఎంత తెరిచి ఉందో చెప్పవు. అత్యవసర నంబరు 112కు వచ్చిన కాల్స్‌ను గంటలవారీగా, ప్రాంతాలవారీగా చూడటం, ఆదివారం షెడ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవడం, ఈ రెండూ కలిస్తే సభలో వినిపించనిది కొంతైనా వినిపిస్తుంది.

ఇక కొలత. ఇక్కడ బోర్డులు చేసే పొరపాటు ఒక్కటే గాని, ఖరీదైనది. ‘దొంగతనాలు పది శాతం తగ్గాలి’ అని లక్ష్యం పెడతారు. స్టేషన్‌కు దాన్ని అందుకోవడానికి అన్నిటికన్నా సులువైన మార్గం కేసు కట్టకపోవడం. ఫోను కొట్టేశారని వచ్చినవాడికి ‘ఈ-లాస్ట్ యాప్‌లో పెట్టుకో బాబూ, సిమ్ తీసుకోవడానికి అది చాలు’ అంటారు. అందులో నమోదైంది పోగొట్టుకున్న వస్తువు, దొంగతనం కాదు. బాధితుడికీ పని అయిపోయిందనిపిస్తుంది, లెక్కలో నేరమూ తగ్గుతుంది. ఇలాంటి అంకెను నమ్మి బోర్డు స్టేషన్‌ను మెచ్చుకుంటే మరుసటి నెల పక్క స్టేషన్ కూడా అదే నేర్చుకుంటుంది.

దీనికి మందు జంట కొలత. దొంగతనం కేసుల సంఖ్యను ఒంటరిగా చూడకూడదు, అదే స్టేషన్ పరిధిలోని ఈ-లాస్ట్ నివేదికల సంఖ్య పక్కన పెట్టి చూడాలి. ఒకటి తగ్గి ఇంకోటి పెరిగితే విషయం అర్థమవుతుంది. దానికి తోడు నెలకు యాభై నివేదికలను చీటీ వేసి తీసి, ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయించాలి. కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో, వాళ్లకు ఏది వస్తే అందులో. ప్రశ్న ఒకటే: ‘పడిపోయిందా, కొట్టేశారా?’ యాభైలో ఇరవై మంది కొట్టేశారంటే ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి వివరణ ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్‌ల సంఖ్య పెరిగినందుకు మాత్రం ఎవర్నీ నిలదీయకూడదు. సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పుతో 2013 నుంచీ, ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ చట్టం చెప్పేది కట్టాల్సిన కేసు కట్టమనే. పరిధి మాది కాదన్న సాకుకూ ఆ సెక్షన్ తావివ్వదు. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ప్రాథమిక విచారణ చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగించాలి. ఆ అనుమతులు ఎన్ని తీసుకున్నారు, ఎన్ని గడువు దాటాయి అన్నది బోర్డు అడగదగ్గ లెక్క.

తెలుగువాళ్లకు సంబంధించి ఒక ప్రాధాన్యం ప్రత్యేకంగా చెప్పుకోవాలి, భాష. ఫిర్యాదు కన్నడంలో రాస్తారు, రాయాల్సిందే. మనకు ఆ లిపి సగం సగం పోల్చుకోవడానికి వీలవుతుంది, అదే మోసం. అక్షరాలు చదివి ‘అంతా సరిగానే ఉంది’ అనుకుని సంతకం పెట్టేస్తాం. ‘లాక్కున్నారు’ అన్నది ‘పోయింది’గా మారిందని ఇంటికొచ్చాక తెలుస్తుంది. రాసింది చదివి వినిపించాలని, ప్రతి ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అర్థమయ్యే భాషలో వినిపించామన్న గడి ఒకటి, ఆ భాష పేరు, వినిపించినవారి పేరు రాసే జాగా ఒకటి రసీదు మీద చేరిస్తే, ఖర్చు లేకుండా కొలవగలిగేది ఒకటి బోర్డు చేతికొస్తుంది.

సైబర్ మోసాల సంగతి క్లుప్తంగా. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు మొదటి గంటలో కాల్ వెళితే డబ్బు బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది, తరవాత గంట గంటకూ తగ్గుతుంది. అందుకని కొలవాల్సింది ‘ఎన్ని కేసులు ఛేదించారు’ అన్నది కాదు. బాధితుడు స్టేషన్ మెట్టెక్కిన నిమిషానికీ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదైన నిమిషానికీ మధ్య ఎంత పట్టిందన్నది కొలవాలి. మామూలు స్టేషన్, సైబర్ స్టేషన్ మధ్య తిప్పడం వల్ల పోయేది ఈ సమయమే.

మనుషులు, బదిలీలు, మినిట్స్

ఫిర్యాదుల ప్రాధికారానికి సొంత దర్యాప్తు సిబ్బంది లేకపోతే అది పోస్టాఫీసే. వచ్చిన అర్జీని నివేదిక కోసం డీసీపీకి పంపుతుంది, డీసీపీ ఏసీపీకి, ఆయన అదే స్టేషన్‌కు. ‘ఆరోపణలు నిరాధారం’ అన్న వాక్యం అదే దారిన వెనక్కి వస్తుంది. సీఐడీ, విజిలెన్స్, ఇంటెలిజెన్స్‌లో పనిచేసి రిటైరైనవారిని క్షేత్ర విచారణకు వాడుకోవచ్చని 2006 తీర్పే సూచించింది. ప్రాధికారం సిఫార్సులు శాఖను కట్టుబడేలా చేస్తాయని కూడా అందులో ఉంది. ఫిర్యాదుదారు వైపు నుంచి జరిగే నష్టం ఇంకొకటి. నెల్లూరో కర్నూలో సొంతూరికి వెళ్లిపోయిన కుర్రాడు మూడో వాయిదాకు రాడు, కేసు మూసేస్తారు. వీడియోలో వాంగ్మూలం తీసుకుంటే ఈ ఒక్క కారణంతో మూతపడేవి ఆగుతాయి. ఫిర్యాదు ఇచ్చేవారు చేయాల్సిన పని కూడా ఒకటుంది: తేదీ, సమయం, స్టేషన్ పేరు రాసి, ఆసుపత్రి చీటీ జతచేసి, ‘ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు ఫుటేజీ భద్రపరచండి’ అన్న వాక్యాన్ని మొదటి రోజు అర్జీలోనే పెట్టడం. స్టేషన్ గుమ్మంలో పెట్టాల్సిన బోర్డు మీద కనీసం ఆరు నెలలు నిలవ ఉంటుందని, దాన్ని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని రాయాలని సైనీ తీర్పు చెప్పింది. అదే తీర్పు ఇంకోచోట ఏడాది అంటుంది. మధ్యలో డిస్కు 53 రోజులంటుంది. మూడింటిలో డిస్కు మాటే చెల్లుతుంది కనుక తొందరపడాలి.

బదిలీల విషయానికొస్తే, స్టేషన్ ఇన్‌చార్జికి కనీసం రెండేళ్లు ఉండాలన్నది సుప్రీంకోర్టు మాట. ఎమ్మెల్యే ‘మినిట్’ (సిఫార్సు లేఖ) లేనిదే మంచి స్టేషన్ దొరకదన్నది ఈ రాష్ట్రంలో అందరికీ తెలిసిన మాట. పర్యవేక్షణకు దీనివల్ల తగిలే దెబ్బ సూటిగా ఉంటుంది. బోర్డు ఒక లోపం చూపిస్తుంది, మూడు నెలల తరవాత మళ్లీ కూర్చునేసరికి ‘అప్పటి ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ఇక్కడ లేరు’ అంటారు. అందుకే ప్రతి నిర్ణయాన్నీ మనిషి పేరుతో కాకుండా పదవి పేరుతో రాసి, చార్జి అప్పగించేటప్పుడు ఇచ్చే నోట్‌లో బోర్డు పెండింగు అంశాలకు ఒక పేజీ కేటాయించాలి. కొత్తగా వచ్చినవాడు సంతకం పెట్టి తీసుకుంటాడు. తరవాత తనకు తెలియదనడానికి ఉండదు.

మినిట్స్ ఎలా రాయకూడదో మన కార్యాలయాల్లో నమూనాలకు కొదవలేదు. ‘స్టేషన్లలో కెమెరాల పనితీరు గురించి కూలంకషంగా చర్చించడమైనది. తగు చర్యలు తీసుకోవలసినదిగా సంబంధితులను కోరడమైనది.’ సంబంధితులెవరో, తగు చర్య ఏమిటో, ఎప్పటికో ఎవరికీ తెలియదు. అదే విషయం ఇలా కూడా రాయొచ్చు: ‘ఫలానా స్టేషన్‌లో లాకప్ ముందు కెమెరా 11 రోజులు పనిచేయలేదు. ఆ రోజుల్లో జరిగిన అరెస్టుల వివరాలు అందలేదు. ఇన్‌స్పెక్టర్ 7 రోజుల్లో వివరాలు పంపాలి, ఏసీపీ స్వయంగా చూసి రికార్డర్ గడియారం, డిస్కు నిలవ రోజులు నమోదు చేయాలి. అందకపోతే తదుపరి సమావేశంలో మొదటి అంశం ఇదే, డీసీపీ హాజరు కావాలి.’